వానల ముందు నిలిపిన బుల్లెట్ 350: ఏడు నెలల తర్వాత మొదటి కిక్కుకు ముందు ఏం చూడాలి?

పర్లాకిమిడి_పాతబండి

బండి 1988 బుల్లెట్ 350. ఇనప బోరు (సిలిండరు), పాయింట్ల ఇగ్నిషన్ (తెరిచి మూసుకునే రెండు లోహపు ముఖాలతో ప్లగ్గుకు స్పార్కు ఇచ్చేది), మిక్‌కార్బ్ కార్బురేటర్, కుడికాలి గేర్లు, 12 వోల్టుల వైరింగ్. జూన్ మొదటి వారంలో రేకుల షెడ్డులో సెంటర్ స్టాండు వేసి పెట్టింది. ఇప్పుడు జనవరి. కింద మట్టినేల, పైన ప్లాస్టిక్ పట్టా. ట్యాంకులో సగానికి పెట్రోలు ఉంది. బ్యాటరీ విప్పలేదు.

ఇంకా కిక్కు కొట్టలేదు. ఆయిల్ కొలపుల్ల తీస్తే కింది గీత కూడా తడవలేదు. నేల మీద మాత్రం ఒక్క చుక్క మరక లేదు. ఓ లీటరు ఆయిల్ పోసి, కొత్త ప్లగ్గు వేసి కొడితే లేస్తుందని ఇక్కడి మెకానిక్ షెడ్డులో అంటున్నారు. పోయమంటారా? ఏ వరసలో వెళ్ళాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_పానా

పోయకండి. ఆయిల్ ఎక్కడికీ పోలేదు, ఇంజిన్‌లోనే ఉంది.

ఈ ఇంజిన్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్ కేసులోనే ఒక అరగా పోతపోసి ఉంటుంది. క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే గది వేరు. ఒక పంపు ట్యాంకు అర నుంచి ఆయిల్‌ను లోపలికి పంపుతుంది, ఇంకో పంపు కింద పడిన దాన్ని తిరిగి లాగి ట్యాంకులో పోస్తుంది. బండి నెలల తరబడి కదలకపోతే పంపు డిస్కుకూ దాని సీటుకూ మధ్య ఉన్న సన్నటి సందులోంచి ఆయిల్ తన బరువుకే దిగి క్రాంకు గదిలో నిండుతుంది. అందుకే పుల్ల పొడిగా ఉంది, నేల కూడా పొడిగా ఉంది. ఇప్పుడు మీరు లీటరు పోస్తే లోపల లీటరు ఎక్కువవుతుంది. కిక్కు కొట్టగానే పిస్టన్ కింద ఆ ఆయిల్ చిలుకుడు పడి బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి వదిలేది) లోంచి కక్కుతుంది, రింగులు దాటి పైకొచ్చి ప్లగ్గు తడుస్తుంది, లేచినా వీధంతా పొగే. పిస్టన్ పైకి చాలా చేరితే కిక్కు మధ్యలో రాయిలా ఆగిపోతుంది. ఆ క్షణంలో మనిషి బరువంతా వేసి తొక్కితే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

చెయ్యాల్సింది ఇది. కింద వెడల్పాటి రేకు పెట్టి, క్రాంకు గది అడుగు ప్లగ్గు విప్పండి. ఇంజిన్ అడుగున రెండు ప్లగ్గులుంటాయి, ఒకటి క్రాంకు గదిది, ఇంకొకటి ట్యాంకు అరది. ఏదేదో తెలియకపోతే రెండూ విప్పి మొత్తం దించేయండి, ఎలాగూ మార్చాల్సిన ఆయిలే. చలి పొద్దున కాకుండా మధ్యాహ్నం ఎండ తగిలాక విప్పితే బేగి కారుతుంది. దించింది కొలిచి ఇక్కడ రాయండి. రంగు కూడా.

పర్లాకిమిడి_పాతబండి

ధన్యవాదాలు మాష్టారూ. రెండూ విప్పాను. క్రాంకు గది నుంచి 1,150 మి.లీ., ట్యాంకు అర నుంచి 600 మి.లీ. దిగింది. నల్లగా ఉంది. పాలు కలిసినట్టు లేదు. గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచితే అడుగున బఠాణీ గింజంత నీటి బుడగలు మూడు నాలుగు కనిపించాయి. ప్లగ్గుకు సన్నటి బూడిద రంగు పేస్టు అంటుకుంది.

గుణుపురం_పానా

బూడిద పేస్టు మామూలు అరుగుదలే. వేళ్ళ మధ్య నలిపినప్పుడు గరుకు ముక్కలు తగిలితేనే భయపడాలి. నీటి బుడగలు రేకుల షెడ్డు పుణ్యం. పగలు రేకు వేడెక్కి, రాత్రి చల్లబడి, ఇంజిన్ లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి కిందికి జారుతుంది. వానాకాలమంతా రోజూ ఇదే జరుగుతుంది. ఈ ఆయిల్ తిరిగి పోయకండి.

ప్లగ్గుల కింద రాగి వాషర్లు కొత్తవి వేయండి. పాతవే వేయాల్సివస్తే గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి చల్లారనిస్తే రాగి మెత్తబడి మళ్ళీ పడుతుంది. టైమింగ్ కవర్ దగ్గర ఫిల్టరు మూత విప్పి లోపలి ఫెల్ట్ ఫిల్టరు కూడా మార్చండి. పాత ఫెల్ట్ నీరు పీల్చి ఉబ్బి ఉంటుంది. మూత బిగించే ముందు ఆ గదిలో కొత్త ఆయిల్ నింపండి, లేకపోతే మొదటి నిమిషం పంపు గాలి నెడుతుంది.

కొత్తది 20డబ్ల్యూ50 గ్రేడు మినరల్ ఆయిల్. ముందు రెండు లీటర్లు పోసి, తర్వాత పుల్ల చూస్తూ కొద్దికొద్దిగా. పై గీత దాకా వద్దు, రెండు గీతల మధ్య ఆపండి. ఇంజిన్ నడిచి ఆపిన తర్వాత చూసిన లెవెలే అసలు లెవెల్.

జయపురం_ఘాట్‌రోడ్

ఆయిల్ ముందే మార్చడం మీద నాది వేరే మాట. చల్లటి ఇంజిన్ నుంచి దించితే మడ్డి అడుగునే ఉండిపోతుంది. క్రాంకు గది ఖాళీ చేసి, దించిన దాన్నే వడకట్టి ట్యాంకులో పోసి, పది నిమిషాలు నడిపి వేడిగా ఉన్నప్పుడు దించితే మడ్డి మొత్తం వస్తుంది. కొత్త ఆయిల్ రెండుసార్లు కొనక్కర్లేదు.

గుణుపురం_పానా

నీరు లేని ఆయిల్ అయితే మీరన్నదే సరి అన్నా. ఇక్కడ నీరు కనిపించింది. ఏడు నెలలు పొడిగా ఉన్న బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) మీదికి మొదటి తడిగా నీళ్ళ ఆయిల్ పంపకూడదు. మధ్యే మార్గం: ఇప్పుడు చవక మినరల్ ఆయిల్ పోసి 50 నుంచి 100 కిలోమీటర్లు తిప్పి, వేడిగా దించి, అప్పుడు వాడదలచినది పోసుకోవడం. మడ్డీ పోతుంది, బేరింగూ బతుకుతుంది.

జయపురం_ఘాట్‌రోడ్

ఒప్పుకుంటున్నాను.

బరంపురం_కార్బురేటర్

అందరూ ఆయిల్ దగ్గరే ఆగారు. బండి లేవకపోవడానికి ఎక్కువసార్లు కారణం పెట్రోలే.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఆ ఖాళీ నిండా తేమగాలే. కొంతవరకు నీటిని పెట్రోలు తనలో కలుపుకుని ఉంచుతుంది, హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. అక్టోబరులో కలిసే ఉన్నది జనవరి రాత్రి విడిపోవచ్చు. ట్యాపు ఉండేది అడుగునే కాబట్టి కార్బురేటర్‌కు మొదట వెళ్ళేది మండని ఆ నీళ్ళే.

పరీక్ష సులువు. ట్యాపు కింద గాజు సీసా పెట్టి మొదటి పావు లీటరు పట్టండి. కదల్చకుండా అరగంట ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే, పైన ఉన్నది కూడా వాడొద్దు. ఇథనాల్ పోయాక మిగిలిన దానికి ఆక్టేన్ (ఇంజిన్ కొట్టుకోకుండా మండే గుణం) పడిపోతుంది. పొర లేకపోయినా వార్నిష్ వాసన, టీ డికాక్షన్ రంగు ఉంటే అదీ పనికిరాదు. వాసన బాగుండి పొర లేనిదైతే ఒక వంతుకు అయిదు వంతులు కొత్త పెట్రోలు కలిపి వాడొచ్చు.

కొత్తగా పోసే దాంట్లో ఇథనాల్ ఎంతో తెలియాలంటే గీతలున్న సన్నటి గొట్టంలో 80 మి.లీ. పెట్రోలు, 20 మి.లీ. నీళ్ళు పోసి బాగా ఊపి పది నిమిషాలు నిలపండి. ఇథనాల్ నీళ్ళలోకి దిగుతుంది. కింది పొర 36 దగ్గరికి వస్తే పెరిగిన 16 మి.లీ. ఇథనాల్, అంటే 80లో అయిదో వంతు. పరీక్ష చేసిన పెట్రోలు మళ్ళీ ట్యాంకులో పోయకండి.

1988 బండి రబ్బర్లు ఈ పెట్రోలు కోసం చేసినవి కావు. పెట్రోలు పైపు, ట్యాపు లోపలి వాషర్లు, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గది ప్యాకింగ్ ఉబ్బి మెత్తబడతాయి. పైపును వేళ్ళతో నొక్కితే మైనంలా ఉంటే మార్చండి. పదుల రూపాయల పైపు కారితే, కింద వేడి ఇంజిన్ ఉంది.

పర్లాకిమిడి_పాతబండి

పావు లీటరులో అడుగున వేలి మందాన విడి పొర ఉంది. మొత్తం ఖాళీ చేశాను. టార్చి వేసి చూస్తే ట్యాంకులో పెట్రోలు గీతకు పైభాగమంతా ఎర్రటి తుప్పు, కింది సగం శుభ్రం. బాత్రూం కడిగే యాసిడ్ పోసి కడిగేయమంటున్నారు.

బరంపురం_కార్బురేటర్

ఆ యాసిడ్ వద్దు బాబూ. అది హైడ్రోక్లోరిక్. తుప్పుతోపాటు మంచి రేకునూ తింటుంది. అతుకు దగ్గర ఇప్పటికే పలచబడి ఉంటే సూదిబెజ్జం పడుతుంది. కడిగి పక్కన పెట్టిన గంటలో మళ్ళీ నారింజ రంగు తుప్పు పడుతుంది.

నిమ్మ ఉప్పు చాలు. కిరాణా హోల్‌సేల్ కొట్టులో కిలో లెక్కన దొరుకుతుంది. ఈ ట్యాంకు పధ్నాలుగున్నర లీటర్లు. లీటరు నీటికి 80 గ్రాముల చొప్పున దాదాపు 1,200 గ్రాములు. ట్యాపు విప్పి ఆ కన్నానికి బిరడా బిగించి, వేడినీళ్ళలో కరిగించి మూతి దాకా నింపండి. తుప్పు పైభాగంలోనే ఉందన్నారు కాబట్టి అంచు వరకు నిండాలి. 12 గంటలకు ఒకసారి చూడండి, 24 గంటలు దాటనివ్వకండి. గట్టి పొర ఉంటే ఇరవై చిన్న నట్టులు వేసి ఊపండి. లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయండి.

వంచేశాక వెంటనే బకెట్టు నీళ్ళలో 200 గ్రాముల వంటసోడా కలిపి పోసి ఊపండి. తర్వాత రెండుసార్లు మంచినీళ్ళు. చివరిది ముఖ్యం, అక్కడే అందరూ చేయి వదిలేస్తారు: నీళ్ళు వంచిన అయిదు నిమిషాల్లో లోపల ఆరాలి. జుట్టు ఆరబెట్టే మిషను మూతిలో పెట్టి గాలి కొట్టించండి. ముందు ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఏమాత్రం లేదని రూఢి చేసుకోండి. ఆరగానే 200 మి.లీ. పెట్రోలులో 50 మి.లీ. టూస్ట్రోక్ ఆయిల్ కలిపి పోసి అన్ని వైపులా తిప్పి వంచేయండి. మొదట నింపే పెట్రోలు ట్యాంకు నిండా పోయండి.

ట్యాపుకు లోపల రెండు జల్లెడ గొట్టాలుంటాయి. చిరిగితే మార్చాలి. ట్యాపు తిప్పితే పైపులోంచి ధార తెగకుండా రావాలి. చుక్కలుగా వస్తే ట్యాంకు మూత గాలి కన్నం చూడండి.

జయపురం_ఘాట్‌రోడ్

గాలి కన్నం అంటే గుర్తొచ్చింది. మన వైపు కుమ్మరి పురుగు ఏ బెజ్జం దొరికినా మట్టితో పూడ్చేస్తుంది. సైలెన్సర్ చివర, బ్రీదర్ గొట్టం, కార్బురేటర్ ఓవర్‌ఫ్లో పైపు, ట్యాంకు మూత, నాలుగూ చూడండి. బ్రీదర్ పూడితే క్రాంకు గదిలో ఒత్తిడి పెరిగి సీళ్ళలోంచి ఆయిల్ కారుతుంది, జనం ప్యాకింగ్ పోయిందనుకుని ఇంజిన్ విప్పుతారు. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు ధాన్యపు ఊక, గుడ్డపీలికలు పేరుస్తాయి. చూడకుండా కిక్కు కొడితే ఆ ఊక ఇంజిన్‌లోకి వెళ్తుంది. సీటు కింద వైర్లు కొరికి ఉంటే రాగి బయటపడి ఫ్యూజు పోతుంది.

రాయగడ_రైతుబండి

ఒక్క ప్రశ్న. షెడ్డులో బండి పక్కన యూరియా బస్తాలున్నాయా? తడి తగిలిన యూరియా నుంచి అమోనియా వస్తుంది. అది ఇత్తడిని పగలగొడుతుంది. కార్బురేటర్ జెట్లు (పెట్రోలు వదిలే సన్న కన్నాలు), ఫ్లోటు (పెట్రోలు మీద తేలే ముక్క), వైరు టెర్మినళ్ళు ఎక్కువగా ఇత్తడే. టెర్మినల్ పచ్చగా, నీలంగా పూసి ఉంటే వైరు లోపలికి కూడా పాకి ఉంటుంది, కోసి కొత్తది వేయాలి. పశువుల సాల పక్కన పెట్టినా ఇదే.

పర్లాకిమిడి_పాతబండి

అవునన్నా, నాలుగు బస్తాలున్నాయి, వాటిలో ఒకటి తడిసి గట్టిపడింది. కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజి ఇచ్చేది) దగ్గర ఒక టెర్మినల్ పచ్చగా ఉంది. బస్తాలు వేరే గదికి మార్చాను.

బరంపురం_కార్బురేటర్

అయితే కార్బురేటర్ విప్పినప్పుడు ఫ్లోటును చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే పగులు ఉన్నట్టే.

మిక్‌కార్బ్ విప్పే వరస: పై మూత తిప్పి స్లైడును సూదితో సహా పైకి లాగండి. స్లైడుకున్న గాడి ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి, తిరగేసి దించితే కూర్చోదు. కింద ఫ్లోట్ గది నాలుగు స్క్రూలు. నక్షత్రం స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టేదే వాడండి, మెత్తటి లోహం, తల చెడుతుంది. అడుగున పచ్చటి జిగురు కనిపిస్తుంది, అది ఎండిన పెట్రోలు.

ఎక్కువసార్లు పూడేది పైలట్ జెట్, యాక్సిలేటరు వదిలినప్పుడు (ఐడిల్‌లో) పెట్రోలు ఇచ్చేది. కన్నం వెంట్రుకంత. దాన్ని గుండుసూదితో పొడవకండి, కన్నం పెద్దదై ఐడిల్‌లో పెట్రోలు ఎక్కువవుతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు తీసుకుని మెల్లగా దూర్చండి, తర్వాత సైకిల్ పంపు గాలి. జెట్‌లోంచి ఆకాశం వైపు చూస్తే గుండ్రటి వెలుగు కనిపించాలి. ఎయిర్ స్క్రూ విప్పే ముందు, ఎన్ని చుట్లు లోపలికి వెళ్తే అంటుతుందో లెక్కపెట్టి రాసుకోండి. లెక్క పోతే మొదలుకు ఒకటిన్నర చుట్టు బయటికి. క్లీనర్ స్ప్రే కొట్టేముందు రబ్బరు ముక్కలన్నీ తీసేయండి. బిగించేటప్పుడు ఇంజిన్ వైపు రెండు నట్లు సమంగా, తగుమాత్రం. ఒక వైపు లాగేస్తే ఫ్లాంజి (కార్బురేటర్ ఇంజిన్‌కు అతికే అంచు) వంగి గాలి దూరుతుంది. అలా గాలి దూరే బండి ఐడిల్‌లో నిలవదు, ఎంత ట్యూన్ చేసినా.

జయపురం_ఘాట్‌రోడ్

ఇగ్నిషన్ సంగతి నేను చెబుతాను.

పాయింట్ల మీద ఏడు నెలల్లో సన్నటి ఆక్సైడు పొర పడుతుంది, కంటికి కనిపించదు కానీ కరెంటు ఆపేస్తుంది. ముఖాలు గుంటలు పడకపోతే, పెట్రోలులో తడిపిన మందపాటి కార్డు ముక్కను పాయింట్ల మధ్య పెట్టి మూసి లాగండి, శుభ్రంగా వచ్చేదాకా. ఎమరీ కాగితం వాడితే గరుకు రేణువులు ముఖంలో దిగబడి మళ్ళీ కాలతాయి. ఒక వైపు గుంట, ఇంకోవైపు గుబ్బ ఉంటే సన్నటి పాయింట్ ఆకురాయితో సమం చేయండి, లేదా కొత్తవి వేయండి. క్యాము (తిరుగుతూ పాయింట్లను తెరిచే ముక్క) ఎత్తైన చోట ఎడం 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజీ కొంచెం పట్టుకుని జారాలి. క్యాము ఫెల్ట్ మీద ఒక్క చుక్క ఆయిల్. రెండో చుక్క పాయింట్ల మీదికి చేరుతుంది.

పాయింట్ల మధ్య నిప్పురవ్వలు పసుపుగా పెద్దగా పడుతుంటే కండెన్సర్ (ఆ రవ్వలను అణిచే చిన్న డబ్బా) పోయినట్టు.

కరెంటు కొలిచే ఆమ్మీటరు చూసి మోసపోకండి. తాళం ఆన్ చేయగానే సూది కదలకపోతే కరెంటు లేదని అర్థం కాదు. ఇంజిన్ ఆగినచోట పాయింట్లు తెరిచి ఉంటే సూది మధ్యలోనే ఉంటుంది. కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కుతూ పోతే పాయింట్లు మూసుకున్నప్పుడు సూది మైనస్ వైపు వాలి, తెరుచుకోగానే మధ్యకు రావాలి. అలా ఊగుతుంటే బ్యాటరీ, కాయిల్, పాయింట్లు అన్నీ ఒక వరసలో ఉన్నట్టే. పాయింట్లు మూసి ఉండగా తాళం ఆన్ చేసి వదిలేయకండి, కాయిల్ వేడెక్కి మాడుతుంది.

ప్లగ్గు స్పార్కు చూసేటప్పుడు, ప్లగ్గును దాని కన్నానికి దూరంగా ఫిన్నుల మీద ఆనించండి. కన్నంలోంచి పెట్రోలు ఆవిరి ఎగదన్నుతుంది, పక్కనే స్పార్కు పడితే అంటుకుంటుంది. కొత్త ప్లగ్గు పాత దాని నంబరుదే కొనండి, మర పొడవు కూడా పక్కన పెట్టి చూడండి. పొడవు మర ప్లగ్గు వేస్తే కొస పిస్టన్ వైపు పొడుచుకొస్తుంది.

రాయగడ_రైతుబండి

బ్యాటరీ: విప్పేముందు ఏ టెర్మినల్ బాడీకి వెళ్ళిందో రాసుకోండి. పాత బళ్ళలో ప్లస్ బాడీకి ఉన్నవీ ఉన్నాయి. ఛార్జి చేసి, ఆపిన రెండు గంటల తర్వాత మీటరు పెడితే 12.6 వోల్టులు దాటాలి. 10.5కి లోపే నిలిస్తే ఒక సెల్లు పోయింది, మార్చండి. ఛార్జి కరెంటు ఆంపియర్ అవర్లలో పదో వంతు, 5 అయితే అర ఆంపియరు. త్వరగా అవుతుందని కారు ఛార్జరు పెడితే ప్లేట్లు వంగుతాయి. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ కాదు.

పర్లాకిమిడి_పాతబండి

ఇప్పటిదాకా: ట్యాంకు శుభ్రమైంది, కార్బురేటర్ అయింది, పాయింట్లు 0.38కి పెట్టాను. బ్యాటరీ ఛార్జి తర్వాత 12.65. ప్లగ్గు విప్పి, తాళం ఆపి కిక్కు నొక్కితే ఇంజిన్ తిరుగుతోంది కానీ పైన పొడిగా గీసుకుంటున్నట్టు ఉంది. ఇంకో సంగతి, క్లచ్ లివర్ పట్టి కిక్కు నొక్కినా ఇంజిన్ తిరుగుతోంది.

గుణుపురం_పానా

రెండోది మంచి పరీక్షే చేశారు. ఈ గేర్‌బాక్సులో కిక్కు క్లచ్ మీదుగానే ఇంజిన్‌కు అందుతుంది. లివర్ పట్టినప్పుడు కిక్కు ఖాళీగా దిగిపోవాలి. ఇంజిన్ తిరుగుతోందంటే ప్లేట్లు అతుక్కున్నాయి. ఇలాగే లేపి మొదటి గేరు వేస్తే బండి గోడ మీదికి దూకుతుంది.

లివర్‌ను పాత ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే నాలుగో గేరులో, లివర్ కట్టే ఉంచి, బండిని ముందుకూ వెనక్కూ కుదపండి. టప్‌మని విడిపోతాయి. విడిపోకపోతే ప్రైమరీ కవరు (క్లచ్ మీది మూత) విప్పాలి. మధ్యలో ఉన్న ఒక్క నట్టుతో వస్తుంది, కింద రేకు పెట్టండి. ప్లేట్లు విడదీసి, కిరసనాయిల్లో కడిగి, అద్దం మీద పెట్టి వంకర చూసి, తిరిగి వేసేటప్పుడు ప్రైమరీలో 420 మి.లీ. ఆయిల్. ప్రైమరీ చైను ఆట 6 మి.మీ. చాలు.

బోరు సంగతి. ప్లగ్గు కన్నంలోంచి 10 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి, అయిదు నిమిషాలు ఆగి, కన్నం మీద గుడ్డ వేసి ఇరవై సార్లు మెల్లగా నొక్కండి. గుడ్డ మీద చిమ్మిన ఆయిల్‌లో ఎర్రటి తుప్పు రంగుంటే ఇంకోసారి. పిస్టన్ అసలు కదలని బళ్ళకు ఆయిలూ డీజిలూ సగం సగం కలిపి పోసి రెండు రోజులు నాననిచ్చి, నాలుగో గేరులో వెనక చక్రాన్ని చేత్తో కుదపాలి. కిక్కు మీద ఎక్కకూడదు.

తర్వాత టాపెట్లు (క్యాము నుంచి వాల్వులను కదిపే ముక్కలు). బోరు కుడివైపు చిన్న మూత విప్పితే వాల్వులను నెట్టే పుష్ రాడ్ల అడుగు కనిపిస్తుంది. చల్లటి ఇంజిన్‌లో, కంప్రెషన్ పైకొచ్చిన చోట, పుష్ రాడ్ వేళ్ళతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఒకటి బాగా వదులుగా ఊగుతుంటే ఆ వాల్వు తుప్పుకు గైడులో పట్టేసి తెరిచే ఉండిపోయింది. అప్పుడు కంప్రెషన్ ఉండదు, రింగులు పోయాయని బోరు దించుతారు. ముందు వాల్వు కాడ మీద ఆయిల్ వేసి ఒక రోజు ఆగండి. డీకంప్రెసర్ (కిక్కు తేలికవడానికి కంప్రెషన్ వదిలేది) వైరు బిగువుగా ఉన్నా ఇదే లక్షణం, దానికి కొంచెం వదులు ఉండాలి.

జయపురం_ఘాట్‌రోడ్

ఇంజిన్ లేచేముందు బ్రేకులు చూడండి, లేచాక ఆగరు ఎవరూ. చక్రం చేత్తో తిప్పితే గరగర ఆగి ఆగి తిరుగుతుంటే డ్రమ్ములో తుప్పు. విప్పి గుడ్డతో తుడవండి, గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. షూ తిరిగే పిన్నుకు, క్యాముకు పలచగా గ్రీజు. లైనింగుకు చుక్క ఆయిల్ తగిలినా మార్చడమే. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. టైరు గాడుల అడుగున పగుళ్ళు ఉంటే గాలి ఎంత నిలిచినా నమ్మొద్దు. ముందు 18 నుంచి 20, వెనక 28 నుంచి 30 పౌన్లు. వెనక చైను ఆట 25 మి.మీ.

పర్లాకిమిడి_పాతబండి

క్లచ్ విడిపోయింది. బోరు రెండోసారికి శుభ్రంగా వచ్చింది. పుష్ రాడ్లు రెండూ సరిగ్గా తిరుగుతున్నాయి. రేపు లేపుతాను. వరస ఒకసారి చెప్పండి గురువుగారూ.

గుణుపురం_పానా

బయట, ఆరుబయట. షెడ్డులో కాదు. పక్కన తడి గోనెసంచి, బకెట్టు ఇసుక.

ప్లగ్గు లేకుండా ముప్పై కిక్కులు కొట్టండి, ఆయిల్ పైకి ఎక్కాలి. ప్లగ్గు పెట్టండి. ట్యాపు తెరిచి ఒక నిమిషం ఆగండి, ఫ్లోట్ గది నిండాలి, కారుతోందేమో చూడాలి. న్యూట్రల్. చోక్ వేయండి. తాళం ఆపి రెండు కిక్కులు, పెట్రోలు లోపలికి లాగడానికి. తాళం ఆన్ చేయండి. కిక్కును మెల్లగా నొక్కుతూ గట్టిపడే చోటికి రండి. డీకంప్రెసర్ లివర్ ఎత్తి కొంచెం దాటించండి. లివర్ వదలండి, కిక్కును పూర్తిగా పైకి రానివ్వండి, అప్పుడు చివరిదాకా ఒకే తొక్కు. ఊరికే గబగబా కొట్టొద్దు. యాక్సిలేటరు ముట్టుకోవద్దు.

లేవగానే పొగ వస్తుంది, బోరులో పోసిన ఆయిలే అది. అయిదు నిమిషాల్లో తగ్గాలి. మొదటి అరనిమిషంలోనే పైన వాల్వులు నొక్కే రాకర్‌కు వెళ్ళే ఆయిల్ పైపు బాంజో బోల్టు (పైపు కొసను బిగించే బోలు బోల్టు) ఒక చుట్టు వదులు చేసి చూడండి. ఆయిల్ ఊరాలి. నిమిషం దాటినా ఊరకపోతే వెంటనే ఆపండి. అది చూడకుండా ఇంకేమీ చూడొద్దు.

బరంపురం_కార్బురేటర్

లేచాక లక్షణాలు: చోక్ తీయగానే ఆగిపోతే పైలట్ జెట్ ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. కార్బురేటర్‌లోంచి వెనక్కి తుమ్మితే గాలి ఎక్కువ, ఫ్లాంజి చూడండి. పది నిమిషాలు బాగా నడిచి ఆగి, కాసేపటికి మళ్ళీ లేస్తే ట్యాంకు మూత గాలి కన్నం. ఆగినప్పుడు మూత తెరిస్తే ఉస్‌మన్న చప్పుడు వస్తుంది. పూర్తిగా వేడెక్కాక ఎయిర్ స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పి ఇంజిన్ వడి ఎక్కువైన చోట ఆపండి, తర్వాత ఐడిల్ స్క్రూ తగ్గించండి.

రాయగడ_రైతుబండి

కాగితాలు మరిచిపోకండి. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి ఫారం 25తో పొడిగించుకోవాలి. గజపతి జిల్లా 1992 అక్టోబరులో గంజాం నుంచి విడిపోయింది. మీ 1988 బండి పాత రికార్డు గంజాం ఆఫీసు పుస్తకాల్లో ఉంటుంది. వాహన్‌లో (రవాణా శాఖ వెబ్‌సైటు) నంబరు కొడితే కనిపించకపోతే ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును కంప్యూటరులోకి ఎక్కించడం) వేయించుకోవాలి, అది అయ్యేదాకా ఇన్సూరెన్సూ పొగ సర్టిఫికెట్టూ ఆన్‌లైన్లో కదలవు. రాయగడ వాళ్ళకూ ఇదే, అప్పటి రికార్డు కోరాపుట్‌లో. పొగ పరీక్షలో 2000 మార్చి 31 దాకా తయారైన రెండు చక్రాల బండికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. ఇంజిన్ బాగా వేడెక్కాకే తీసుకెళ్ళండి, చల్లగా ఉంటే హైడ్రోకార్బన్లు ఎక్కువ చూపిస్తుంది.

పర్లాకిమిడి_పాతబండి

మూడో కిక్కుకు లేచింది. బాంజో దగ్గర దాదాపు ఇరవై సెకన్లకు ఆయిల్ ఊరింది. పొగ ఆరు నిమిషాలకు తగ్గింది. ఆమ్మీటరు మధ్య వడిలో ప్లస్ వైపు ఉంది, బ్యాటరీ మీద 13.9 వోల్టులు. ఆపి పది నిమిషాలకు పుల్ల చూస్తే ఆయిల్ రెండు గీతల మధ్య. ట్యాపు దగ్గర మాత్రం చిన్న చెమ్మ ఉంది. సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కించాలి, ఎప్పుడు వెళ్ళొచ్చు?

జయపురం_ఘాట్‌రోడ్

చెమ్మ ఆగేదాకా ఊరు దాటొద్దు, ట్యాపు ఫైబర్ వాషరు మార్చండి. ముందు ఊళ్ళో పది కిలోమీటర్లు, పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు, ఇంజిన్ మౌంటు బోల్టులు ఒకసారి బిగువు చూడండి. తర్వాత పాతపట్నం దాకా ఒకసారి వెళ్ళి రండి, ప్రతి ఆగుడులో రెండు డ్రమ్ములూ చేత్తో తాకి చూడండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే ఒక బ్రేకే పనిచేస్తోంది. 100 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాక ఘాట్ ఎక్కండి. దిగేటప్పుడు రెండో గేరులో, డీకంప్రెసర్ ముట్టుకోకుండా.